పెట్రోలు ధర గురించి సాయిబు ఏమంటాడు?

2017 ఆగస్టు 22న ముమ్మారు తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు మా ఫోను పొద్దున్నుంచి రాత్రిదాకా మోగుతూనే ఉంది. టీవీ ఛానళ్ళు, వారపత్రికలు, ప్రజాసంఘాలు, కాలేజీ విడిచాక ఒక్కనాడూ పలకరించని సహాధ్యాయులు, అందరికీ మా అభిప్రాయం అర్జెంటుగా కావాల్సొచ్చింది. దానికి ఏడువారాల ముందు, జులై 1న, దేశమంతటికీ జీఎస్టీ వచ్చింది. ఆ రోజు మా ఫోను మోగలేదు. జీఎస్టీ సాయిబులు కట్టరని కాబోలు!

మేం ఇరవయ్యేళ్ళకు పైగా వార్తల మీద బతుకుతున్నవాళ్ళం. కొంతకాలం ఉర్దూ డెస్కులో, ఎక్కువకాలం తెలుగు డెస్కులో. ఈ ఇరవయ్యేళ్ళలో మమ్మల్ని అడిగిన అభిప్రాయాలన్నీ ఒకచోట రాసిపెడితే ఒక వింత జాబితా అవుతుంది. పాకిస్తాన్ గురించి, బురఖా గురించి, తలాక్ గురించి, బాంబు పేలుళ్ళ గురించి, రంజాన్ నెలలో హలీం గురించి. బడ్జెట్ గురించి లేదు. కరెంటు ఛార్జీల గురించి లేదు. షేర్ మార్కెట్ కూలినప్పుడు, కొత్త ఫోన్లు వచ్చినప్పుడు, రాష్ట్రం విడిపోయినప్పుడు ఇది ఎవరికి లాభం అని అడిగినవాళ్ళు లేరు. (విడిపోయినప్పుడు ఒకరు అడిగారు: 'మీవాళ్ళు ఎటువైపు?' అని. అది అభిప్రాయం అడగడం కాదు, లెక్క తీయడం.) ఈ సంకలనానికి కూడా మమ్మల్ని అస్తిత్వం మీదే రాయమన్నారు. రాస్తున్నాం. కానీ మా అస్తిత్వంలో పెట్రోలు ధర కూడా ఉందని చెప్పడానికి రాస్తున్నాం.

ఒక మనిషి ఈ దేశంలో మామూలు మనిషిగా బతుకుతున్నాడనడానికి గుర్తేమిటి? ఓటుహక్కు, రేషన్ కార్డు, ఇవి ఉన్నాయి. కానీ అంతకంటే చిన్న గుర్తు ఒకటుంది. పొద్దున పేపరు పట్టుకొని, చాయ్ తాగుతూ, తనకు సగం మాత్రమే తెలిసిన విషయం మీద తోచింది మాట్లాడగలగడం. తప్పు మాట్లాడి, సాయంత్రం మార్చుకోగలగడం. రిజర్వు బ్యాంకు గురించి ఒక షావుకారు తప్పు మాట్లాడితే అది అతని తప్పు. అదే తప్పు మేం మాట్లాడితే అది 'వాళ్ళ ఆలోచన'. తప్పు మాట్లాడే స్వేచ్ఛ లేనివాడు మెల్లగా ఒప్పు కూడా మాట్లాడ్డం మానేస్తాడు. మా నాన్నగారి తరం చేసింది అదే. 1992 డిసెంబరు 6 తర్వాత ఆయన బజార్లో రాజకీయాలు మాట్లాడ్డం మేం వినలేదు. వానల గురించి మాట్లాడేవారు.

మేం నల్లగొండ జిల్లాలో పెరిగాం. చదువుకోసం హైదరాబాదు వచ్చాం. కాబట్టి రెండు రకాల పేపరు చదువులు మాకు తెలుసు. పాతబస్తీ ఇరానీ హోటల్లో ఉర్దూ పేపరు ఒక్కటే వస్తుంది, దాన్ని పేజీలుగా విడదీసి నాలుగు టేబుళ్ళు పంచుకుంటాయి. ఒకాయన పైకి చదువుతాడు, చదువురానివాళ్ళు కూడా సాసర్లో చాయ్ పోసుకుంటూ వాదిస్తారు. 'రాజకీయాలు మాట్లాడరాదు' అని గోడమీద రాసిపెట్టిన హోటళ్ళు మాకు గుర్తున్నాయి. ఆ బోర్డు కిందే కూర్చుని మాట్లాడేవాళ్ళు. మా ఊరి క్షౌరశాలలో తెలుగు పేపరు వచ్చేది. అక్కడా అంతే, చదివేవాడొకడు, వాదించేవాళ్ళు పదిమంది. తేడా ఒక్కటే. హోటల్లో మేం లోపలికి వెళితే మాట ఆగదు. క్షౌరశాలలో ఒక్క క్షణం ఆగేది. 'రా సాయిబూ, కూసో' అని ఎంతో ప్రేమగా పిలిచేవాళ్ళు. ప్రేమ అబద్ధం కాదు. ఆ ఆగడం కూడా అబద్ధం కాదు.

2016 నవంబరు 8 రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాక మేం వారం రోజులు ఊళ్ళో ఉన్నాం. అదే క్షౌరశాల, కుర్చీలు మాత్రం కొత్తవి. అందరూ బ్యాంకు వరసలో నిలబడి వచ్చినవాళ్ళే. అందరికీ అవస్థే. అయినా ఒక పెద్దమనిషి గడ్డం గీయించుకుంటూ, 'దొంగ నోట్లన్నీ ఆడికెల్లి వచ్చేటియే గదా, ఇగ బందైతయ్' అన్నాడు. 'ఆడికెల్లి' అంటున్నప్పుడు అద్దంలో ఆయన కళ్ళు మా మీద పడ్డాయి. ఆయన చెడ్డవాడు కాదు. మా అక్క పెళ్ళికి మంచాలు, గిన్నెలు పంపినవాడు. తన అభిప్రాయం తనదే అనుకుంటున్నాడు పాపం. అది ముందురోజు టీవీలో వచ్చిందనీ, దాన్ని తాను మోసుకొస్తున్నాడనీ ఆయనకు తెలీదు. మేం నోరు విప్పి 'నోట్లరద్దు వల్ల కూలినాలి జనం చస్తారు' అంటే అది ఆర్థిక విషయం మీద అభిప్రాయం కాదు, 'అటువైపు' మాట్లాడినట్టు. ఊరుకున్నాం. రెండేళ్ళ తర్వాత, 2018 ఆగస్టులో, రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చేశాయని రిజర్వు బ్యాంకే తన వార్షిక నివేదికలో చెప్పింది. మేం మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఎత్తాల్సింది.

ఇక్కడ తెలుగు పత్రికల గురించి ఒక మాట చెప్పుకోవాలి. నోట్లరద్దు రోజుల్లో సంపాదకీయం పేజీలు తిరగేశాం. ఆర్థికవేత్తలు రాశారు, రిటైరైన అధికారులు రాశారు, పార్టీల నాయకులు రాశారు. లాడ్ బజార్లో రోజుకింత అని నగదు మీద బతికే గాజుల కార్ఖానాల గురించి ముస్లిం పేరున్న వ్యాసం మాకు కనబడలేదు. మా కళ్ళు తప్పి ఉండొచ్చు. అయితే కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 2006లో ఢిల్లీలో 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది ఎవరని కొందరు పరిశోధకులు ఆరా తీస్తే ముస్లింలు 3 శాతం తేలారు. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. అదే ఏడాది వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని లెక్క చెప్పింది. అప్పటికి దేశ జనాభాలో మేం 13.4 శాతం. తెలుగు డెస్కుల్లో ఇలాంటి లెక్క తీసినట్టు మేం చూడలేదు. మేం పనిచేసిన చోట్ల తీయడం కష్టం కాదు, చూపుడువేలొకటి చాలేది.

ఆ డెస్కుల్లో ఒకచోట బిజినెస్ పేజీ ఖాళీ అయింది. మేం అడిగాం. డిగ్రీలో ఆర్ట్స్ చదివినవాళ్ళమే, కానీ అప్పటిదాకా ఆ పేజీ చూసినాయనా తెలుగు ఎమ్మే. మా బాస్ చాలా సౌమ్యుడు, లౌకికవాది. 'మీరు మైనారిటీ బీట్ చూడండి, మీకంటే బాగా ఎవరు రాస్తారు?' అన్నాడు. పొగడ్తే మరి! ఇట్లా పొగిడి పొగిడి మమ్మల్ని ఒక గదిలో పెట్టి గడియ వేశారు. ఆ గదికి కిటికీ ఉంది. దాంట్లోంచి అప్పుడప్పుడు 'ముస్లింలు ప్రధాన స్రవంతిలోకి రావాలి' అని కేకలు వినబడతాయి.

లౌకిక మిత్రులకు కోపం రావొచ్చు. రానివ్వండి. అల్లర్లు జరిగినప్పుడు మా పక్కన నిలబడ్డది మీరే, మరిచిపోలేదు. కానీ అల్లర్లు లేనిరోజు మేం ఏమైపోతాం? ఏడాదిలో ఎన్ని రోజులు అల్లర్లు జరుగుతాయి? మిగతా రోజులన్నీ మేం బియ్యం కొంటాం, బస్సెక్కుతాం, ఫోను రీఛార్జి చేయిస్తాం. 2024 జులై మొదట్లో ప్రైవేటు ఫోను కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచితే మా ఇంట్లో నాలుగు ఫోన్ల మీద పడింది. హిందువుల ఇంట్లోనూ నాలుగు ఫోన్ల మీదే పడింది. దీనిమీద మీ ప్రత్యేక సంచికలో మమ్మల్ని ఎందుకు రాయమనరు?

తప్పంతా అవతలివాళ్ళదే అంటే మాకు మేం అబద్ధం చెప్పుకున్నట్టు. ఉర్దూ పత్రికల్లో మేం చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. పాలస్తీనా మీద మొదటి పేజీ, చివరి పేజీ నింపేవాళ్ళం. అది తప్పని మేం అనం, ఎవరూ రాయనప్పుడు మేమే రాశాం. కానీ సాంకేతిక విషయాలకొచ్చేసరికి ఏజెన్సీ వార్తను కత్తిరించి అనువదించి మూలన పడేసేవాళ్ళం. వ్యాపారం అంటే ఫలానా పెట్టుబడి హలాలా, హరామా అనే ప్రశ్న జవాబు శీర్షిక ఒకటి. ఆ ప్రశ్న అక్కర్లేదని కాదు. వడ్డీ విషయంలో పట్టింపు ఉన్న జనానికి అది నిజమైన ప్రశ్న. కానీ ఆ కంపెనీ లెక్కలు నిజమా, అది ఎక్కడ రిజిస్టరైంది, నెలనెలా అంత లాభం ఎట్లా ఇస్తోంది అనే రెండో ప్రశ్న మేం అడగలేదు. దానికి జనం పెద్ద మూల్యమే చెల్లించారు. హలాల్ పెట్టుబడి పేరుతో డిపాజిట్లు తీసుకున్న హైదరాబాదు హీరా గ్రూప్ అధినేత్రిని 2018 అక్టోబరులో పోలీసులు అరెస్టు చేశారు. ఏడాది తిరక్కముందే, 2019 జూన్లో, బెంగుళూరు ఐఎంఏ కూలింది. దాని యజమాని దుబాయికి ఎగిరిపోయి, జులైలో తిరిగొచ్చి ఢిల్లీలో పట్టుబడ్డాడు. డబ్బు కట్టినవాళ్ళెవరు? గల్ఫులో ఎండలో పనిచేసి పంపిన డబ్బు, బిడ్డ పెళ్ళికని దాచిన డబ్బు, రిటైరైన టీచర్ల డబ్బు. ఆ కంపెనీల వాణిజ్య ప్రకటనలు మన పేపర్లలో నిండుపేజీల్లో వచ్చినప్పుడు మా జీతాలు సరిగ్గా ఒకటో తారీఖున పడ్డాయి. ఈ మాట రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది.

అయితే అప్పుడు తెలుగు సమాజంలో వినబడ్డ అభిప్రాయం గమనించండి. 'మతం పేరు చెబితే కళ్ళు మూసుకొని కడతారు మీవాళ్ళు' అని. బాగుంది. అంతకు నాలుగేళ్ళ ముందు అగ్రిగోల్డ్ మునిగింది. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ కంపెనీకి డబ్బు కట్టినవాళ్ళు లక్షలమంది. వాళ్ళను పత్రికలు 'అగ్రిగోల్డ్ బాధితులు' అన్నాయి, అనాల్సిందే. ధర్నాలకు అన్ని పార్టీల నాయకులూ వెళ్ళారు. ఏ కులం పేరు చూసి కట్టారు, ఏ మతం పేరు చూసి కట్టారు అని ఎవరూ అడగలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి తన ఖాతాల్లో వేలకోట్లు లేవని ఉత్తరం రాసినప్పుడు ఆంధ్రదేశమంతా ఒక అయ్యో వినబడింది. ఆ 'అయ్యో'లో కొంత బాధ, కొంత జాలి, కొంత 'మనవాడే' అన్న మమకారం. ఆయన చేసిన పనికి ఆయన కులం సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రాలేదు. నకిలీ స్టాంపుల తెల్గీకి ఆ సౌకర్యం లేదు. వాడి పేరు మేం మోశాం కొన్నాళ్ళు.

వ్యాపారం సంగతి అది. సాంకేతికత సంగతి ఇంకా వింతగా ఉంటుంది.

మేం ఉర్దూ పేపర్లో చేరేనాటికి కాతిబుల కాలం అయిపోయింది. ఒక్క పెద్దాయన మాత్రం మిగిలి ఉన్నాడు. ఆయన్ని హెడ్డింగులకు, ఈద్ ప్రత్యేక సంచికల అట్టలకు ఉంచుకున్నారు. అంతకు ముందు ఆయనా, ఆయనలాంటి పదిమందీ రోజూ పేపరు మొత్తం కలంతో రాసేవాళ్ళు. ఆ రాతనే ఫొటో తీసి, ప్లేటు చేసి అచ్చు వేసేవాళ్ళు. ఎందుకంత కష్టం అంటే, ఉర్దూ నస్తాలీఖ్ రాత అచ్చుకు లొంగదు. తెలుగక్షరం ఎక్కడ పెట్టినా దాని రూపు దాదాపు అదే. నస్తాలీఖ్‌లో అక్షరం తన పక్కనున్నవాణ్ణి బట్టి రూపు మార్చుకుంటుంది, మాట మొత్తం కుడినుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది, చుక్కలు ఒకదానికొకటి తగలకుండా సర్దాలి. సీసపు అక్షరాలు దీనికి పనికిరాలేదు. చివరికి 1981లో కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షర సంయోగాలు ఒక్కొక్కటిగా చేత్తో గీస్తే, ఇంగ్లండు మోనోటైప్ కంపెనీ వాటిని యంత్రంలోకి ఎక్కించింది. అదే నూరీ నస్తాలీఖ్. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక ఇక్కడి ఉర్దూ పత్రికలన్నీ కంప్యూటరు మీదికొచ్చాయి. కాతిబులు ఛత్తా బజార్లో పెళ్ళికార్డుల దుకాణాలకు వెళ్ళారు. కొందరు ఆటోలు కొన్నారు.

ఇంత పెద్ద కథ! యంత్రం వచ్చి ఒక వృత్తిని మింగడం, ఒక లిపి చావకుండా బతకడం, దేశాల మధ్య ఎంత కొట్లాట ఉన్నా అక్షరాలు సరిహద్దు దాటి రావడం. తెలుగు పత్రికల సాంకేతిక పేజీలో ఇది వచ్చిందా? వచ్చింది, కానీ ఆదివారం సంచికలో. 'అంతరించిపోతున్న కళ' అని. ముసలి కాతిబు, తెల్లగడ్డం, వెనక చార్మినార్. మేం ఏం చేసినా అది వారసత్వమే అవుతుంది, సాంకేతికత కాదు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వస్తే మళ్ళీ అదే ఫొటో, గడ్డానికి బదులు గాజులు. లక్క రేటెంత, కొలిమి ముందు కూర్చునే మనిషికి రోజుకెంత గిడుతోంది అని మేం చదివిన కథనాల్లో లేదు.

ఆ కథకు ఇంకో సగం ఉంది. తెలుగువాళ్ళు వినాల్సిన సగం. ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ ఇంకెక్కడా తెరుచుకునేది కాదు. అందుకని చాలా ఉర్దూ పత్రికలు ఏళ్ళ తరబడి తమ వార్తల్ని ఫొటోలుగానే ఇంటర్నెట్లో పెట్టాయి. ఫొటోలో ఉన్న మాటను ఏ యంత్రమూ వెతకలేదు. అంటే అన్నేళ్ళ మా రాతలు, మా వాదాలు, మా తప్పులు కూడా, వెతికితే దొరకవు. తెలుగుకూ ఇదే జబ్బు. అను ఫాంట్లలో కొట్టిన లక్షల పేజీలు యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు ఎగిరిపోయి వస్తాయి. ఒకే రోగంతో రెండు భాషలు పక్కపక్క మంచాల మీద పడుకున్నాయి, ఒకదాన్నొకటి ఎరగవు. మేం రెండు మంచాలకూ బంధువులం గనక చెబుతున్నాం. గూగుల్ 2014లో నోటో నస్తాలీఖ్ విడుదల చేసింది. ఈలోగా ఒక తరం పిల్లలు ఉర్దూను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. మా ఇంట్లో పిల్లలు అంతే. చదవమంటే నీళ్ళు నములుతారు.

మా సాంకేతిక చరిత్ర ఇట్లా ఆదివారం సంచికకు పోతే, మా మీద ప్రయోగించే సాంకేతికత క్రైం పేజీకి పోతుంది. 2021 జులైలో 'సల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి'. ముస్లిం స్త్రీల ఫొటోలు, అందులో మాలాంటి జర్నలిస్టులవి కూడా, అంగట్లో వేలానికి పెట్టినట్టు పెట్టారు. రెండూ గిట్‌హబ్ మీద నడిచాయి. ప్రపంచంలో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ వాడే వేదిక అది, 2018 నుంచి మైక్రోసాఫ్ట్‌ది. బుల్లీ బాయి కేసులో అరెస్టయినవాళ్ళలో ఇరవై, ఇరవయ్యొక్క ఏళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. తెలుగు తల్లిదండ్రులకు ఇంజనీరింగ్ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లవాడికి కోడింగ్ ఎట్లా నేర్పాలని వారంవారం రాసే పేజీల్లో, నేర్చుకున్న కోడింగుతో పిల్లవాడు ఏం చేశాడో రాయరా? రాయలేదు. ఒక వేదిక మీద అట్లాంటిది పెడితే తీసేయడానికి ఎవరు బాధ్యులు, ఫిర్యాదు ఎవరికివ్వాలి, మొదటిసారి కేసు తేల్చకపోవడం వల్లే ఆరునెలల్లో రెండోది వచ్చిందా, ఇవి సాంకేతిక ప్రశ్నలు కావా? మా సహోద్యోగిని ఒకామె ఆ వారం ఆఫీసులో తన ఫొటోలన్నీ తీసేస్తూ కూర్చుంది. ఆమె పేరు ఆ జాబితాలో లేదు. అయినా తీసేసింది. పక్క టేబుల్ మీద ఆ వారం కొత్త ఫోన్ల కెమెరాల మీద వ్యాసం తయారవుతోంది.

కెమెరా అంటే గుర్తొచ్చింది. ముఖం చూసి మనిషిని పట్టే యంత్రాన్ని తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చారు. 'తప్పు చేయనివాడికి భయమెందుకు?' ఈ దేశంలో ఇంతకంటే ఎక్కువమంది చెప్పే సాంకేతిక అభిప్రాయం లేదు. క్షౌరశాలలో విన్నాం, సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్లో విన్నాం. కానీ యంత్రం పనిచేసే తీరు చూడండి. అది ఎదుటివాడి ముఖాన్ని తనదగ్గరున్న ఫొటోలతో పోల్చి 'వీడు వాడిలా ఉన్నాడు' అంటుంది. వీడే వాడు అనదు. దాని అంచనా అది. ఇక దాని దగ్గర ఎవరి ఫొటోలుంటాయి? ఎవర్ని ఎక్కువగా ఆపి ఫొటో తీశారో వాళ్ళవి. ఎవర్ని ఎక్కువగా ఆపుతారు? కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున వీధికి రెండువైపులా తాళ్ళు కట్టేది ఏ బస్తీల్లోనో హైదరాబాదు వాళ్ళకు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తర్వాత డజన్ల కొద్దీ ముస్లిం కుర్రాళ్ళను పట్టుకెళ్ళారు. వాళ్ళు నిర్దోషులని తేలింది. నిర్దోషి అని కోర్టు చెప్పినంత మాత్రాన పోలీసు రికార్డులో ఫొటో చెరిగిపోతుందా? తప్పు చేయనివాడికి భయం ఎందుకో ఆ కుర్రాళ్ళు చెబుతారు, ఇప్పుడు నలభైల్లో ఉన్నారు, మా ఈడువాళ్ళు. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు ఆపి మాస్కు తీయమని, వద్దన్నా ఫొటో తీసుకున్నారని హైదరాబాదు సామాజిక కార్యకర్త ఒకరు హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఇది ముస్లింల కేసా? ఆ కెమెరా జూబ్లీహిల్స్‌లో కూడా ఉంది. మొదట మా ముఖం మీద పడింది, అంతే.

అభిప్రాయం మనిషిది కాదు, పేరుది అని ఊరికే అనడం లేదు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఒకటుంది. సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌కు అధిపతి అయినప్పుడు తెలుగు పత్రికలు పండగ చేసుకున్నాయి. బేగంపేట బడి, క్రికెట్, తండ్రి యుగంధర్ గారి నిజాయితీ. మేమూ ఇష్టంగానే ఎడిట్ చేశాం ఆ వార్తలు. 2020 జనవరిలో పౌరసత్వ సవరణ చట్టం గురించి అమెరికాలో ఒక సంపాదకుడు అడిగితే ఆయన, జరుగుతున్నది విచారకరమనీ, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒకరు ఇండియాలో కంపెనీ పెట్టి ఎదగడమో, ఇన్ఫోసిస్‌కు అధిపతి కావడమో చూడాలని ఉందనీ అన్నాడు. అంతే! నిన్నటిదాకా 'మనవాడు' అయినవాడికి 'నీ సాఫ్ట్‌వేర్ నువ్వు చూసుకో' అని సలహాలు. అంటే చదువుకున్న, డబ్బున్న, హిందువైన, ప్రపంచంలోనే పెద్ద కంపెనీని నడిపే మనిషికి కూడా మా విషయం ఎత్తితే కాసేపు మా గతి పడుతుంది. కానీ కాసేపే. ఆయన మర్నాడు కృత్రిమ మేధ గురించి మాట్లాడాడు, అందరూ విన్నారు. మాకు ఆ మర్నాడు రాదు. అజీం ప్రేమ్‌జీ గారి పేరు మాకు అప్పజెబుతుంటారు, చూడండి ఆయన ఏనాడైనా మతం గురించి మాట్లాడాడా అని. మాట్లాడకపోవడమే మా పాసు మార్కు అన్నమాట.

కరోనా నాటి సంగతి పెద్దగా రాయబుద్ధి కావడం లేదు. 2020 మార్చి చివర్లో నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చిన మూడోరోజు మా వీధిలోకి కూరగాయల బండి తెచ్చే మనిషి తన పేరు మార్చి చెప్పుకున్నాడు. తబ్లీగీ జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీది కేసుల్ని ఆగస్టులోనే బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టేసింది, వాళ్ళను బలిపశువుల్ని చేశారని చెప్పింది. ఢిల్లీలో వాళ్ళకు ఆశ్రయమిచ్చారన్న 70 మంది మీది కేసుల్ని 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. మొదటి వార్త మొదటి పేజీలో ఎన్ని కాలాలు, చివరి వార్త ఏ పేజీలో ఎన్ని పేరాలు అన్నది కొలిచి చూడండి. స్కేలు చాలు.

మా గల్లీలో ఒక ఆటో అన్న ఉన్నాడు. యాభై దాటాయి. ఇంటర్ తప్పాడు, కానీ ఉర్దూ పేపరు మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదువుతాడు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆ నెల నుంచి ఆయనకు గిరాకీ పడిపోయింది. అసలే ఫోన్లో పిలిస్తే వచ్చే బైకులు సగం తినేశాయి. ఆయనతో ఒకరోజు గంటసేపు కూర్చున్నాం. మేం పత్రికల్లో చదివిన ఏ వ్యాసంకంటే ఆ గంట విలువైంది. 'స్కీము తప్పంటారా?' అని అడిగితే, 'తప్పు ఎట్లంటం సాబ్, మా బేటీ అదే బస్సుల కాలేజీకి పోతది, నెలకు వెయ్యి మిగులుతుంది' అన్నాడు. 'మరి మంచిదేనా?' 'మంచిదెట్లయితది, నాకు రోజుకు మూడొందలు పాయె.' మళ్ళీ తనే లెక్కవేశాడు. బేటీ, బేగం, చెల్లెలు, ముగ్గురి టికెట్లు మిగిలినవి ఒకవైపు, తన గిరాకీ పోయింది ఒకవైపు. లెక్క తేలలేదు. యాప్ వాళ్ళు కమీషన్ తీసేసి రోజుకింత అని చందా పెట్టారు, అది మేలా కీడా అన్నది మరో లెక్క. కిరాయి యాప్ చెబుతుంది, డీజిల్ ధర సర్కారు చెబుతుంది, తను చెప్పేది ఏమీ లేదు అన్నాడు. కరెంటు ఆటో కొందామంటే బ్యాటరీ మూడేళ్ళకు పోతే అప్పెవరు తీరుస్తారు? సాంకేతికం, వ్యాపారం, రాజకీయం మూడూ ఆ మూడు చక్రాల బండిలో కూర్చున్నాయి. ఆయన చేతిలో హ్యాండిల్ మాత్రం ఉంది.

2025 ఏప్రిల్లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చిన వారం ఒక తెలుగు ఛానల్ కుర్రాడు మైకు పట్టుకొని మా గల్లీకి వచ్చాడు. టోపీ పెట్టుకున్న ఆటో అన్న వాడి కంటికి బాగా కనబడ్డాడు. 'చెప్పండి చాచా, ముస్లింగా మీ అభిప్రాయం?' అన్నాడు. ఆటో అన్న వక్ఫ్ గురించి రెండు ముక్కలు చెప్పాడు, కబరస్తాన్ జాగా ఎవరో కలిపేసుకుంటుంటే పాత చట్టం ఉన్నప్పుడు కూడా ఎవరూ రాలేదని. ఆ వెంటనే బస్సు గురించి, యాప్ గురించి, బ్యాటరీ గురించి మొదలుపెట్టాడు. కుర్రాడు మర్యాదగా తలూపుతూ, కెమెరా మనిషికి కన్నుతో సైగ చేశాడు. ఎర్ర లైటు ఆరిపోయింది. అన్న చూడలేదు. ఇంకా చెబుతూనే ఉన్నాడు. మేం గడపలో నిలబడి చూస్తున్నాం.

కుర్రాడు వెళ్ళాక మా దగ్గరికొచ్చి, 'కబ్ ఆతా బోలే టీవీ మే?' అని అడిగాడు, ఎప్పుడొస్తుందట అని. రాత్రి తొమ్మిదింటి బులెటిన్లో రావొచ్చన్నాం. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళింట్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు, బేటీ కూడా బస్సు దిగి వచ్చింది.